బోట్ల పేజీలకు నేను వేసిన తాళం

పోయిన నెలలో నేనొక తలుపుకి తాళం వేసి, తాళం చెవిని సముద్రంలోకి పంపించినాను. ఎవరూ అడక్కుండానే, సెక్యూరిటీ గట్టిగా ఉండాలని నాకై నేనే చేసిన పని అది. చెప్తా వినండి. నాకైతే ఇంకా నవ్వే ఓపిక రాలేదు, మీరు నవ్వుకోండి, ఏమీ అనుకోను.

మేముండేది బిట్రగుంట రైల్వే కాలనీలో. మా ఆయన సిగ్నల్స్‌లో పని చేస్తాడు. నేను కొన్నాళ్లు కావలిలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, గొంతు పోయి మానేసి, ఇంట్లో కూర్చోని చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసిస్తా ఉంటాను. ఒక కళ్యాణ మండపం, ఇందుకూరుపేట వైపు రెండు రొయ్యల మేత షాపులు, ఒక పళ్ల డాక్టరు. వీటన్నిటికంటే ముందు చేసింది జువ్వలదిన్నెలో బోట్ల సంఘం వాళ్ల సైటు.

ఆ సైటు ఎందుకు పుట్టిందంటే, ఒకసారి ఒక బోటు గాలికి దారితప్పి రెండు రోజులు రాలేదు. అందులో ఎంతమంది ఎక్కినారో గట్టు మీద ఎవరికీ సరిగ్గా తెలియలేదు. ఒకరు ఆరుగురు అంటారు, ఒకరు ఎనిమిది అంటారు. ఒక ఇంట్లో అయితే మనిషి అత్తగారింటికి పోయినాడనుకుని హాయిగా ఉన్నారు, ఆయనేమో ఆ బోట్లో ఉన్నాడు. దేవుడి దయ, అందరూ క్షేమంగా వచ్చినారు. అప్పుడు సంఘం వాళ్లు నన్ను పిలిపించి, ఏ బోట్లో ఎవరు పోతారో ఫోన్లో చూసుకునేట్టు చెయ్యమన్నారు.

చేసినాను. బోటుకొక పేజీ, ప్రతి పేజీ కింద మిగతా బోట్ల పేజీలకి లింకులు. బోటు నంబరు, రంగు, ఓనరు, డ్రైవరు, కూడా పోయేవాళ్లు, వాళ్ల రక్తం గ్రూపు, ఫోన్ నంబరు, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి. నలభై చిల్లర పేజీలు, అన్నీ చేత్తో రాసినవే. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు, కదిలే బొమ్మలు లేవు. సిగ్నల్ ఒక్క గీత ఉన్నా టక్కున తెరుచుకుంటాయి. బోట్లోకి కొత్త మనిషి ఎక్కితే సంఘం సెక్రటరీ ఏడుకొండలన్న నాకు ఫోన్ చేస్తాడు, నేను పేరు మారుస్తాను. ఇట్టా ఏళ్ల తరబడి నడిచింది. ఒక్కరోజు కూడా చెడిపోలేదు. చెడిపోవడానికి అందులో ఏముంది గనక.

తర్వాత సంఘానికి కొత్త సైటు వచ్చింది. అది సీఎంఎస్ మీద కట్టినారు. అంటే కోడు రాని మనిషి కూడా లాగిన్ అయి వార్తలు, ఫొటోలు పెట్టుకోవచ్చు. అది నేను చేసింది కాదు, నెల్లూరులో ఎవరో చేసిచ్చినారు, బాగానే చేసినారు. నా పాత పేజీలను మాత్రం ఎవరూ కదిలించలేదు. మిద్దె కట్టుకున్నాక కూడా పక్కన పాత పెంకుటిల్లు ఉంచుకున్నట్టు, అదే సర్వర్లో ఒక ఫోల్డర్లో పడి ఉన్నాయి. కొత్త సైటు మెనూలో 'బోట్ల వివరాలు' అని నొక్కితే అవి వస్తాయి.

ఇప్పుడు పోలమ్మక్క సంగతి చెప్పాలి. ఆమె భర్త రమణయ్య ఒక బోటుకి డ్రైవరు. ఆమె హార్బర్ గేటు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంది. ఒకరోజు ఆమెకి ఫోన్ వచ్చింది. మాట్లాడినవాడు మీ ఆయన రమణయ్యే గదా, బోటు నంబరు ఇదే గదా, ఆయన రక్తం ఓ పాజిటివే గదా అన్నాడంట. అన్నీ కరెక్టే. ఆయన బోట్లో పడి తలకి దెబ్బ తగిలింది, నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు, అర్జెంటుగా చేర్చుకోవాలి, నీ బ్యాంకు కార్డు మీద నంబర్లు చదువు అన్నాడంట. ఆమె చదవలేదు. తెలివితో కాదు. ఫోన్ బండి మీదే పడేసి, చెప్పులు కూడా లేకుండా హార్బర్లోకి పరిగెత్తింది. రమణయ్య అక్కడ వల బాగు చేసుకుంటా కూర్చోని ఉన్నాడు. ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. ఏడుపయినాక వీపు మీద రెండు పీకింది, ఎందుకు పీకిందో ఆమెకీ తెలియదు.

ఆ వారంలోనే ఇంకో ముగ్గురికి అట్టాంటి ఫోన్లే వచ్చినాయి. ఒకామె కార్డు నంబరు చదివేసింది కూడా. అందరి వివరాలూ ఒకే చోట నుంచి పోయినాయి. నా పేజీల నుంచి.

ఏడుకొండలన్న మా ఇంటికే వచ్చినాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మా, ఆ పేజీలు మనోళ్లకే కనపడాల. బయటోళ్లకి కనపడకూడదు. ఏదో ఒకటి చెయ్యండి" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

అది అరపూట పని అని చెప్పినాను. ఈ మాట గుర్తుపెట్టుకోకపోయినా పర్లేదు, నేను ప్రతి పనికీ ఇదే చెప్తాను. నిజంగానే అరపూటలో అయిపోయింది కూడా. కొత్త సైటుకి లాగిన్ ఉంది గదా. లాగిన్ అయినవాళ్లకి మాత్రమే ఆ మెనూ కనపడేట్టు పెట్టినాను. లాగిన్ కాకుండా చూస్తే మెనూ లేదు. లాగిన్ అయి చూస్తే ఉంది. నా ఫోన్లో చూసినాను, మా ఆయన ఫోన్లో చూసినాను. ఇంక ఎవడొస్తాడో రమ్మను అనుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ మనసులో తప్పు చేసిన భయం ఉంది గదా. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అనిపించింది. సెక్యూరిటీ కోసం సైటుకి తగిలించే ప్లగిన్ ఒకటి తెచ్చి పెట్టినాను. మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే ఒక రోజంతా లోపలికి రానివ్వదు. కొత్తగా చేరిన మనిషిని అడ్మిన్ ఓకే అంటేనే పేజీలు కనపడతాయి. అడ్మిన్‌గా లాగిన్ అవ్వాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది, అదీ కొట్టాల. సంఘం సైటు గదా, కోడ్ సంఘం సెక్రటరీ ఫోన్‌కి పోవడం పద్ధతి అని ఏడుకొండలన్న నంబరు పెట్టినాను. ఆయన ఎప్పుడూ ఆఫీసులోనే ఉంటాడు. బోటెక్కి పదేళ్లయిందని ఆయనే చెప్తా ఉంటాడు.

తర్వాత హార్బర్లో ఒక మీటింగ్ పెట్టినాం. లాగిన్ అంటే ఏంది, పాస్‌వర్డ్ అంటే ఏంది, కోడ్ అంటే ఏంది అని నేను చెప్పినాను. చేపల వేలం షెడ్డులో, ఐసు నీళ్లలో నిలబడి చెప్పినాను, కాళ్ళు లాగేసినాయి. ఒకటే మాట పదిసార్లు చెప్పినాను. కోడ్ ఎవరికీ చెప్పొద్దు. ఆడమనిషి అడిగినా చెప్పొద్దు, మగమనిషి అడిగినా చెప్పొద్దు, నేను ఫలానా అని పేరు చెప్పినా నమ్మొద్దు. అందరూ తలలూపినారు. సగం మంది నిద్రలో ఊపినారేమో అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, ఒక్కొక్కరి ఫోన్లో లాగిన్ పెట్టించడానికి మళ్లీ పోయినాను. బోటుకొకరు చొప్పున రమ్మన్నాం. ఫోన్ల పనే గదా అని లాప్‌టాప్ ఇంట్లో పెట్టి, ఇంటికి తాళం వేసి, షేర్ ఆటో ఎక్కి పోయినాను. మా ఆయన ఆ రోజు డ్యూటీ మీద గూడూరు వైపు పోయినాడు.

హార్బర్లో దిగితే ఏడుకొండలన్న లేడు. వాళ్ల బోటు డ్రైవర్‌కి జ్వరమంట, తెల్లారుజామునే ఈయనే బోటు తీసుకుని పోయినాడంట. పదేళ్లుగా ఎక్కనోడు ఆ రోజే ఎక్కినాడు. సరే, పేర్లు ఈరోజు పెట్టించేస్తాం, ఓకే చెయ్యడం రేపు చూసుకుందాం అనుకున్నాను.

సంఘం ఆఫీసు గది ఒకటే, ఫ్యాన్ ఒకటే. లోపల సిగ్నల్ సరిగా రాదని అందరి ఫోన్లకీ ఆఫీసు వైఫై పెట్టించినాను. పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం ఉండాల, ఒక అంకె ఉండాల, ఒక గుర్తు ఉండాల అని చెప్పినాను. గుర్తు అంటే ఏ పార్టీ గుర్తు అని ఒకాయన అడిగినాడు. అందరికీ బోటు నంబరే పాస్‌వర్డ్‌గా కావాల. ఒకామె ఫోన్ తీసుకుని, నువ్వే ఏదో ఒకటి పెట్టు, నాకు మాత్రం చెప్పొద్దు, నేను మర్చిపోతాను అంది. ఆమె చెప్పింది కూడా న్యాయమే.

నలుగురి పని అయింది. ఐదో ఆయన వేళ్లు లావు. ఒకటి కొడితే రెండు పడతాయి. ఒకసారి తప్పు, రెండోసారి తప్పు. నేను పక్కామెకి చెప్తా ఉండగా మూడోసారి కూడా కొట్టేసినాడు. ఆయన ఫోన్లో ఎర్రగా ఏదో వచ్చింది. ఒక్క నిమిషం తర్వాత పక్కామె ఫోన్లోనూ అదే వచ్చింది. తర్వాత ఆమె పక్కన ఆయనకీ. చివరికి నా ఫోన్లోనూ వచ్చింది. అప్పుడు అర్థమైంది. ఆ ప్లగిన్ మనిషిని చూడదు, ఏ కనెక్షన్ నుంచి వచ్చినారో చూస్తుంది. అందరూ ఒకటే వైఫై. ఒకాయన లావు వేళ్లకి హార్బర్ మొత్తం ఒకరోజు బహిష్కరణ.

బయటికొచ్చి, వైఫై తీసేసి, నా సొంత డేటా మీద అడ్మిన్‌గా పోదామని చూసినాను. పాస్‌వర్డ్ తీసుకుంది. మర్యాదగా, మీ రిజిస్టర్డ్ మొబైల్‌కి కోడ్ పంపినాము అంది. ఆ మొబైల్ ఏడుకొండలన్న జేబులో, సిగ్నల్ అందని చోట, సముద్రం మీద ఉంది. చేసేదేముంది, అందరినీ రేపు రమ్మని పంపించేసి, పోలమ్మక్క బండి దగ్గర కూర్చోని దోశ తిన్నాను. ఇంతవరకైతే నవ్వుకునే సంగతే.

అప్పుడే గమనించినాను, పోలమ్మక్క దోశలు పోస్తా పోస్తా ఊరికే జెట్టీ వైపు చూస్తా ఉంది. రమణయ్య బోటు పొద్దున పదికల్లా రావాల. ఒంటి గంటైంది. మిగతావి చాలావరకు వచ్చేసినాయి. వచ్చినవాళ్లలో ఒకరు, పొద్దున ఆ బోటుని ఇంజన్ ఆపి నిలబడి ఉండగా చూసినామని, వల లాగుతా ఉన్నారేమో అనుకున్నామని చెప్పినారు. వైర్‌లెస్‌లో పిలిస్తే పలకడం లేదు. గాలి కూడా పెరుగుతా ఉంది. బండి మీద పరదా పటపటా కొట్టుకుంటా ఉంది. ఆమె పొయ్యి ఆర్పేసి, నాకు చట్నీ ఇంకొంచెం వేసి, చేతులు తుడుచుకుని నిలబడింది.

సంఘం వాళ్లు మత్స్యశాఖ ఆఫీసుకి ఫోన్ చేసినారు. అవతల ఆఫీసరు చాలా పద్ధతైన మనిషి. వెంటనే చుట్టుపక్కల బోట్లకి, కోస్ట్ గార్డుకి చెప్తాను, వివరాలు ఇవ్వండి అన్నాడు. బోటు పూర్తి రిజిస్ట్రేషన్ నంబరు ఏంది, రంగేంది, ఎంతమంది ఉన్నారు, పేర్లేంది, వాళ్ల ఫోన్ నంబర్లేంది. ఒడ్డుకి దగ్గరగా కొట్టుకొస్తే ఫోన్ మోగొచ్చు గదా. ఫోన్ పట్టుకున్న ఆయన నా వైపు చూసినాడు. అందరూ నా వైపు చూసినారు. అవన్నీ ఉండేది ఒకే చోట. సరిగ్గా ఇట్టాంటి రోజు కోసం నేను చేసిన పేజీలు. సరిగ్గా ఆ రోజుకి నేను తాళం వేసిన పేజీలు.

ఆఫీసులో పాత ప్రింటు ఒకటి ఉంది. తీసి చూస్తే అందులో ఆ బోటు డ్రైవరుగా ఇంకెవరో ఉన్నారు. పోలమ్మక్కకి కూడా భర్త, మరిది తప్ప మిగతావాళ్లు ఎవరెవరు ఎక్కినారో తెలియదు. ఇద్దరు కొత్తవాళ్లని ఆ వారమే పెట్టుకున్నారంట. వాళ్ల పేర్లు నేనే ఎక్కించినాను. ఎక్కించిన చేతికి ఒక్క అక్షరం గుర్తు లేదు.

ఆఫీసరు ఓపిగ్గా అడుగుతా ఉన్నాడు, ఆరుగురా, ఏడుగురా అని. ఏళ్ల కింద గట్టు మీద జరిగిన గోలే మళ్లీ మొదలైంది. ఒకరు ఆరు అంటారు, ఒకరు ఏడు అంటారు. కోడ్ పంపు, కోడ్ పంపు అని మళ్లీ మళ్లీ నొక్కతా ఉన్నాను. ఎన్ని పంపినా అవన్నీ పోయేది ఆ సముద్రం మీద ఫోన్‌కే. పేజీల కాపీలు లాప్‌టాప్‌లో ఉన్నాయి గానీ, ఇంటికి పోయి అది తేవాలంటే ఆటోలో పోను రాను గంటన్నర. అయినా తప్పదని బ్యాగు భుజానేసుకుని లేచినాను.

పోలమ్మక్క నన్ను ఆపి, యాడికి పోతా ఉండావు అని అడిగింది. సంగతంతా చెప్పినాను. కంప్యూటరు, తాళం, కోడ్, నా తప్పే అక్కా, అంతా నా తప్పే అని గడగడా చెప్పేసినాను. ఆమె కొంగున కట్టుకున్న ఫోన్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, ఏదో నొక్కి నా చేతికిచ్చింది.

"ఇదేనా చూడమ్మా, నీ పేజీ."

అదే. రమణయ్య బోటు పేజీ. నంబరు, నీలం రంగు, ఏడుగురి పేర్లు, రక్తం గ్రూపులు, ఫోన్లు. ఆ కొత్తవాళ్లిద్దరితో సహా. ఆమె ఏ లాగిన్ కొట్టలేదు, ఏ కోడ్ అడగలేదు. ఏళ్ల కింద నేనే ఆమెకి వాట్సాప్‌లో పంపిన లింకు, నొక్కింది, తెరుచుకుంది.

ఆ నిమిషంలో నాకు ఆలోచన లేదు. ఫోన్ తీసుకుని ఆఫీసరుకి గబగబా చదివేసినాను. ఆయన మళ్లీ చదివించుకుని, నేను చూసుకుంటాను అని పెట్టేసినాడు. అందరూ జెట్టీ మీదికి పోయినారు. నేను మాత్రం ఆ స్టూలు మీద కూలబడినాను. అప్పుడు మెల్లిగా ఎక్కింది బుర్రకి.

నేను తాళం వేసింది మెనూకి. పేజీలకి కాదు. కొత్త సైటులో లాగిన్ ఎంత గట్టిదైనా, చేత్తో రాసిన పాత పేజీని ఎవరైనా నేరుగా అడిగితే, సర్వరు ఆ లాగిన్‌ని అడగనే అడగదు. అడిగినవాడికి తీసి ఇచ్చేస్తుంది. కాలేజీలో నేనే చెప్పిన పాఠం అది. లింకు తెలిసిన దొంగ ఈ మూడు రోజులూ హాయిగా చూసుకుని ఉంటాడు. చూడలేకపోయింది బోట్లవాళ్లు, సంఘంవాళ్లు, నేను. నేను కూడా నేరుగా ఆ అడ్రస్ కొట్టి ఉంటే వచ్చేది. కొట్టాలని కూడా తోచలేదు. మూసేసినానని నాకు అంత నమ్మకం.

నాలుగు గంటలప్పుడు ఆఫీసరు నుంచి కబురొచ్చింది. బోటు కనపడింది. బోటు అడుగున నీళ్లలో తిరిగే ఫ్యాన్‌కి వల చుట్టుకుని ఇంజన్ ఆగిపోయిందంట, బ్యాటరీ కూడా అయిపోయి వైర్‌లెస్ చచ్చిందంట. ఆ వైపు నుంచి వస్తా ఉన్న ఇంకో బోటు కబురు విని, తాడు కట్టి లాక్కొస్తా ఉంది. ఏడుగురూ బాగున్నారు. పోలమ్మక్క ఏడవలేదు. మళ్లీ పొయ్యి వెలిగించింది. వచ్చేవాళ్లు ఆకలి మీద ఉంటారు గదా అంది.

లాక్కొస్తా ఉన్న ఆ బోటు ఎవరిదనుకున్నారు. ఏడుకొండలన్నది. ఒడ్డుకి దగ్గరకొచ్చినారంటే ఆయన ఫోన్‌కి సిగ్నల్ వచ్చేసి ఉంటుంది. ఇప్పుడైనా ఆ కోడ్ తీసుకుని, అడ్మిన్‌గా పోయి, అందరి మీదా పడిన ఎర్రజెండా ఎత్తేద్దామని నాకు ఆత్రం. నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవచ్చింది. ఉన్న కాస్తంతా కోడ్ పంపడానికి దాచి, అక్కడ నిలబడిన ఐసు లారీ డ్రైవర్ని బతిమాలి ఆయన ఫోన్ తీసుకున్నాను. మోగింది. ఎత్తినాడు. వెనక ఇంజన్ రొద, గాలి రొద.

"అన్నా, మీ ఫోన్‌కి ఆరంకెల నంబర్ వచ్చి ఉంటుంది, అది చెప్పండి" అన్నాను.

ఆయన గయ్యిమన్నాడు.

"ఎవరమ్మే నువ్వు? ఈడ మేము సముద్రం మీద నానా తిప్పలు పడతా ఉంటే ఇప్పుడు దొరికినామా నీకు?"

"అన్నా, నేను, బిట్రగుంట మేడంని. వెబ్‌సైటు మేడంని."

"అట్టనే పేరు చెప్తారని ఆ మేడమే చెప్పింది మాకు. ఆడమనిషి అడుగుతాది, తెలిసినట్టే మాట్లాడతాది, నమ్మొద్దని చెప్పింది. ఇంకోసారి చేసినావంటే పోలీసులకి చెప్తా."

పెట్టేసినాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ నంబరుని బ్లాక్ చేసినాడని తర్వాత తెలిసింది. పాపం ఆ లారీ డ్రైవరు ఇప్పటికీ ఏడుకొండలన్నకి ఫోన్ చెయ్యలేడేమో. హార్బర్ మొత్తంలో నా మాట విన్న మనిషి ఒక్కడే ఒక్కడు, అదీ నా మీదే ప్రయోగించినాడు.

బోట్లు రెండూ చీకటి పడకముందే వచ్చినాయి. రమణయ్య దిగంగానే పోలమ్మక్క ఆయన్ని పట్టుకుని, ఈసారి ఏడుపు లేకుండానే వీపు మీద రెండు పీకింది. ఏడుకొండలన్న దిగి, నన్ను చూసి, అమ్మా, ఎవరో ఆడమనిషి కోడ్ అడిగింది, గట్టిగా బుద్ధి చెప్పినాను అన్నాడు. మొహం వెలిగిపోతా ఉంది. పొద్దున నుంచి వచ్చిన కోడ్‌లన్నీ కూడా ఒక్కటి మిగలకుండా తీసేసినాడంట. ఆ దొంగని నేనే అని నేను చెప్పలేదు. మంచి పని చేసినారన్నా అన్నాను. షేర్ ఆటోలో వెనక సీట్లో, ఐసులో పెట్టిన చేపల బుట్టకీ, ఒక పెద్దాయన మోకాళ్లకీ మధ్యన ఇరుక్కుని ఇంటికొచ్చినాను.

ఆ తర్వాత వారం రోజులు నేను మనిషిని కాదు. ఈసారి నిజంగా పని చేసినాను. పాత పేజీలన్నీ ఆ ఫోల్డర్లోంచి తీసి, బయట నుంచి ఎవరూ నేరుగా అడగలేని చోట పెట్టినాను. ఎవరైనా ఏ పేజీ అడిగినా, ఒక చిన్న ప్రోగ్రాం ముందు సీఎంఎస్‌ని అడుగుతుంది, ఈ మనిషి మన మనిషేనా, లాగిన్ అయినాడా అని. అవునంటేనే పేజీ తీసి చూపిస్తుంది. కాదంటే లాగిన్ తలుపు దగ్గరికి పంపిస్తుంది. పేజీలో ఉన్న ఫొటోలకి కూడా ఇదే పద్ధతి. పాత లింకు నొక్కినా ఇంతే. అడ్మిన్లని ముగ్గురిని చేసినాను, ఒకరు సముద్రంలో ఉంటే ఇంకొకరు గట్టు మీద ఉండేట్టు. ఆ ప్లగిన్‌కి నమస్కారం పెట్టి, తప్పు చేసిన మనిషిని మాత్రమే ఆపేట్టు మార్చినాను. ప్రతి నెలా కొత్త ప్రింటు తీసి ఆఫీసు బీరువాలో పెట్టమని చెప్పినాను. నడుము పట్టేసింది, కళ్లు మండినాయి, మా ఆయన మూడు రోజులు తనే వంట చేసినాడు. అది ఎట్టుందో తిన్న నాకు తెలుసు.

అంతా అయినాక, ఇక పరీక్ష చేద్దామని పోలమ్మక్కకి ఫోన్ చేసినాను. అక్కా, ఆ పాత లింకు ఒకసారి నొక్కు అన్నాను. నొక్కింది. ఏదో పేరు, పాస్‌వర్డ్ అడగతా ఉందమ్మా, పేజీ రావడం లేదు అంది. నాకు కుర్చీలోంచి లేచి ఎగరాలనిపించింది, నడుము ఒప్పుకోలేదు. చాలక్కా, ఇంక నిశ్చింతగా ఉండు, ఇంక మన వివరాలు బయటోళ్లు ఒక్కరు కూడా చూడలేరు అన్నాను. ఎన్ని రోజుల తర్వాతో గుండె నిండా గాలి పీల్చుకున్నాను.

ఆమె అవతల నుంచి నన్ను ఓదార్చినట్టుగా చెప్పింది.

"రాకపోయినా ఏం పర్లేదులేమ్మా. నువ్వు ఆ రోజు అంత కంగారు పడితివి గదా. మళ్లీ ఎవరికీ ఆ గతి పట్టకూడదని, ఆ రాత్రే నలభై బోట్ల పేజీలూ మా కోడలి చేత ఒక్కోటీ ఫొటో తీయించి మన హార్బర్ గ్రూపులో పెట్టినా. అందరూ అందరికీ పంపించుకున్నారు."

ఆ గ్రూపులో నాలుగొందల మంది ఉన్నారు. చేపలు కొనేవాళ్లు, లారీవాళ్లు, ఎవరో తెలియనివాళ్లు, అందరూ. నేను కూడా ఉన్నాను. ఫోన్ పెట్టేసి, గ్రూపు తెరిచి, పైకి జరుపుకుంటా పోయి చూసినాను. నలభై ఫొటోలూ వరసగా ఉన్నాయి. వాటి కింద మొట్టమొదట, ఆ రాత్రి నిద్రమత్తులో ఫొటోలు తెరవకుండానే చప్పట్ల బొమ్మ పెట్టి, 'చాలా మంచి పని చేశారు అక్కా' అని రాసింది నేనే.